గిన్నె కింద చీర

మా ఇంట్లో "పాత చీర" అనే మాట పైకి అనడం మానేశాను. అన్నానంటే ఏ గదిలో ఉన్నా మావారి చెవిన పడుతుంది. కత్తెరతో సహా ప్రత్యక్షమవుతారు. ఏ చీర పాతదో, ఏది ఇంకా కట్టుకోవచ్చో తేల్చే హక్కు పెళ్లినాటి నుంచీ నాదే. ఆయన రిటైరయ్యాక అది చేతులు మారింది.

ఆయన ఉద్యోగమంతా కాలవలూ లాకులూ. గోదావరి డెల్టాలో ఏ కాలవకి ఎంత నీరు వదలాలో లెక్కలు కట్టిన మనిషి. రిటైరయ్యాక లెక్క కట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. పప్పులో ఎన్ని గ్లాసుల నీళ్లు పోశావు, గ్యాసుబండ ఎన్నాళ్లొచ్చింది, ఇవీ ప్రశ్నలు. ఈయనకి ఏదైనా వ్యాపకం చూపించు తండ్రీ అని నేను మొక్కుకుంటున్న రోజుల్లో డల్లాస్ నుంచి మా అమ్మాయి వచ్చింది. సూట్‌కేసు అడుగునుంచి ఒక చుట్ట తీసి నా చేతిలో పెట్టింది. నూలు తాడుకి రంగురంగుల గుడ్డపేలిక చుట్టి, ఆ తాడుని గుండ్రంగా తిప్పుకుంటూ మిషను మీద కుట్టేశారు. వేడి గిన్నెలు పెట్టుకోవడానికట. అక్కడ ఏదో సంతలో ఇరవై డాలర్లకి కొన్నదట.

మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా నాయనమ్మ చుట్టకుదురే కదే! గడ్డి బదులు గుడ్డ పెట్టారు, అంతే. దీనికి ఇరవై డాలర్లా?" అన్నారు. నిజమే మరి. అడుగు గుండ్రంగా ఉండే కుండ దొర్లిపోకుండా ఎండుగడ్డి కుదురు మీద పెట్టడం మా తరంవాళ్లం అందరం చూసిందే. నీళ్లబిందె నెత్తికెత్తుకునేటప్పుడు పాతగుడ్డ చుట్టి పెట్టుకున్నదీ అదే. అడుగు సాపుగా ఉన్న స్టీలు గిన్నెలొచ్చి కుదుళ్లకి పని లేకుండా చేశాయి.

"నేను చేస్తాను" అన్నారు మావారు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. దానిదేం పోయింది, వచ్చేవారమే దాని ఫ్లైటు.

మొదట తాడు కొనడానికి బయల్దేరాం. కొట్టు నిండా కొబ్బరితాళ్లు, జనపనార, నైలాను, మోకులు, పగ్గాలు, పలుపులు వేలాడుతున్నాయి. "నూలు తాడు కావాలి, 5 మిల్లీమీటర్లది" అన్నారు మావారు. "దేనికండీ? ఉయ్యాలకా, గేదెకా?" అన్నాడు కొట్టాయన. "గిన్నె కిందకి." ఆయన మావారిని వదిలేసి నా వంక చూశాడు. నా పెళ్లి అయినప్పటినుంచీ అంత జాలిగా నన్నెవరూ చూడలేదు. "నైలాను పట్టుకెళ్లండి బాబూ, జన్మలో తెగదు" అని సలహా ఇచ్చాడు.

తెగదు, నిజమే. కానీ కరుగుతుంది. నైలాను పేరుతో అమ్మే ప్లాస్టిక్ తాళ్లలో చాలావాటికి 160 డిగ్రీల పైచిలుకు వేడి తగిలితే చాలు. గారెలు వేగే నూనె 180 దాకా ఉంటుంది. మా ఎదురింటావిడ మావారిని చూసి సరదాపడి, బట్టలారేసే తాడుతోనే ఒకటి చుట్టి, గారెల మూకుడు దించి దానిమీద పెట్టింది. మూకుడు ఎత్తితే చుట్ట కూడా దానితోపాటే లేచింది. ఇప్పుడు ఆ మూకుడికి సొంత కుదురుంది. నూలుకి ఆ బాధ లేదు. మరీ వేడెక్కితే మాడుతుందిగానీ కరిగి అంటుకోదు.

తాడొక్కటే నూలుదైతే సరిపోదు, చుట్టే గుడ్డ కూడా నూలుదే కావాలి. నా బతుకు వీధిన పడింది ఇక్కడే. గుడ్డ ఏమిటో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఒక పోగు లాగి నిప్పు చూపించాలి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టరైతే ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసై కూర్చుంటుంది. నేను గుడికెళ్లి వచ్చేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నా చీరలన్నీ మంచం మీద. మావారు ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో అగ్గిపుల్ల. పక్కన స్టీలు పళ్లెంలో వరసగా బూడిదలూ పూసలూ, ప్రతిదాని పక్కనా చీటీ.

"ఈ ఆకుపచ్చది ఎక్కడ కొన్నావు?"

"ఎక్కడైతేనేం, అసలు సిసలు నూలు అని ఒట్టేసి ఇచ్చాడు."

"పూస వచ్చింది" అన్నారు, కళ్లజోడు పైకి జరిపి.

ఆ చీర కట్టుకుని ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమందికి ప్యూర్ కాటన్ అని చెప్పుకున్నానో! కనకాంబరం రంగుదీ పూసే. గళ్లచీర సగం బూడిద, సగం పూస, మిక్స్‌డ్ అన్నమాట. మా ఆడపడుచు పెట్టిన పట్టుచీర పోగు కాల్చినప్పుడు వెంట్రుకల వాసన కోసం ఇద్దరం ముక్కులు ముందుకు పెట్టాం. రాలేదు. పూస మాత్రం నిగనిగలాడుతూ వచ్చింది. "దీన్ని లెక్కలోకి తీసుకోవద్దులే" అని మావారు ఆ చీటీ చింపేశారు. ఆఖరికి మా అమ్మ పెట్టిన మంగళగిరి చీర బూడిదై నా పుట్టింటి పరువు నిలబెట్టింది. బూడిద చూసి పొంగిపోయిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. బహుమతిగా ఆ చీరనే ముందు చింపారు.

నూలు గుడ్డకి కత్తెరతో పెద్ద పని లేదు. అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే పోగు వెంబడి తిన్నగా చిరిగిపోతుంది. అంగుళం వెడల్పు పేలికలు చాలు. ఏటవాలుగా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు కొంచెం ఎక్కేలా తాడుకి చుట్టుకుంటూ పోవాలి. చిక్కల్లా చప్పుడుతోనే. ఎండపూట తలుపులేసుకున్న ఇంట్లోంచి పర్ర్, పర్ర్ అని గుడ్డ చిరుగుతున్న చప్పుడు, మధ్యలో నేను "అది వద్దండీ, నా మాట వినండి" అనడం. కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, "ఆంటీ, అంతా బాగేనా?" అని తలుపు కొట్టింది. పాపం, మంచిపిల్ల.

ఇక మిషను. మావాళ్లు సారెలో పెట్టిన నల్ల కాలిమిషను తిన్నగా తప్ప కుట్టలేదు. ఈ పనికి తిన్నని కుట్టు పనికిరాదు. పక్కపక్కనే ఉన్న రెండు తాడు వరసల్లో సూది ఒక పోటు ఇటు, ఒక పోటు అటు వెయ్యాలి, అంటే జిగ్‌జాగ్. కాబట్టి సంచీ పట్టుకుని మ్యాచింగ్ సెంటరు పక్కన ఫాల్స్, జిగ్‌జాగ్ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లారు. తాడు చూడగానే ఆ అమ్మాయి, "అంకుల్, ఇది పెడితే సూది విరుగుద్ది. మా ఓనరు నా జీతంలో కోసుకుంటాడు" అంది. మావారు అక్కడే నిలబడి 18 నంబరు సూది వేస్తే ఎందుకు విరగదో, ప్రెషర్ ఫుట్ ఎంత ఎత్తు లేస్తుందో చాంతాడంత ఉపన్యాసం ఇచ్చారు. వెనకాల ఆషాఢం సేల్ చీరలు పట్టుకుని ఆడవాళ్ల వరస. "మీరే ఒక జిగ్‌జాగ్ మిషను కొనేసుకోండి అంకుల్" అని చెప్పి ఆ అమ్మాయి వదిలించుకుంది. ఆ సాయంత్రమే కొనేశారు.

కుట్టడంలో కష్టమంతా మొదటి రెండు చుట్లదే. అంత ఇరుకులో గుడ్డ తిరగదు. సూదిని దించి ఉంచి, ఫుట్ ఎత్తి, కొంచెం తిప్పి, మళ్లీ దించి, రెండు కుట్లు వేసి, మళ్లీ ఎత్తి, ఇలా. అది దాటితే సాఫీ. చుట్ట ఎప్పుడూ సూదికి ఎడమ పక్కన తిరగాలి, కొత్త తాడు కుడిపక్క నుంచి అందుతూ ఉండాలి. చుట్ట బల్లమీద సాపుగా ఆనాలి. దాన్ని కాస్త పైకెత్తి పట్టుకున్నా, తాడుని బిగించి లాగినా అంచులు పైకి లేస్తాయి. అప్పుడది బుట్టవుతుంది. మావారు జీవితంలో ఏదీ వదులుగా పట్టుకున్న మనిషి కాదు. అందుకని బుట్టలే వచ్చాయి. ప్రతిదానికీ పేరు మాత్రం వెంటనే పెట్టేస్తారు. ఇది తాళాలకి, ఇది తమలపాకులకి, ఇది రిమోటుకి, ఇది నీ మాత్రలకి. మా ఇంట్లో వస్తువులకన్నా వాటికి కేటాయించిన బుట్టలు ఎక్కువయ్యాయి.

సాపుగా చెయ్యడం వచ్చాక లెక్కలు మొదలయ్యాయి. గుడ్డ చుట్టిన తాడు మందం 8 మిల్లీమీటర్లు అనుకుంటే 10 సెంటీమీటర్ల కోస్టరుకి మీటరు తాడు సరిపోతుంది. 20 సెంటీమీటర్ల గిన్నె చుట్టకి రెండు మీటర్లు చాలనుకుంటాం. నాలుగు కావాలి. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు. ఈ సర్పిలం మీద ఆర్కిమెడీస్ 2,200 ఏళ్ల కిందటే పుస్తకం రాశాడని కాఫీ తాగుతూ చెప్పారు. రాస్తే రాశాడు, పెళ్లాం చీరలు చించినట్టు ఎక్కడా లేదు కదా అన్నాను.

కోస్టరు సంగతి చెప్పాలి. స్టీలు గ్లాసులో కాఫీ తాగే ఇళ్లలో దీని పాత్ర ఏమిటో ఎవరికీ అర్థం కాదు. వేసవిలో ఫ్రిజ్ నీళ్లు పోసిన గ్లాసు మా గోదావరి ఉక్కకి క్షణంలో చెమర్చి బల్లంతా తడి చేస్తుంది. ఆ తడిని నూలు పీల్చుకోవాలి, అదీ దీని పని. మా పెదనాన్నగారు మాత్రం కాఫీ తెచ్చిపెట్టగానే కింద ఉన్న కోస్టరు తీసి గ్లాసు మీద బోర్లించి, "మూత బాగుందే అమ్మాయ్, వేడి చల్లారదు" అన్నారు. ఈయన నోరు తెరవబోతే నేను కళ్లతో వారించాను. పెద్దాయన అన్నదాంట్లో తప్పేముంది? వేడి కిందికి పోకూడదనేది ఒక లెక్కయితే, పైకి పోకూడదనేది ఇంకో లెక్క.

అసలు కథ భోజనాల బల్ల దగ్గర. మొదటి మంచి చుట్ట, మంగళగిరి చీరది, బల్ల మధ్యలో అలంకరించారు. నేను పప్పుపులుసు గిన్నె దించి దాని మీద పెట్టబోయాను. "ఆగాగు! అంచు కారుతుందేమో చూశావా?" అని గిన్నె అడుగు తుడిపించారు. అయినా ఒక చుక్క పడింది. పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఈయన అడగలేదు, సబ్బు పెట్టారు. కుంకుమ బొట్టు పెట్టినట్టయింది. పసుపు మరక ఎండలో వేస్తేనే పోతుంది అన్నాను. ఎండలో చీర రంగు కూడా వెలుస్తుందని ఆయన బెంగ. ఉతికి, సరిగ్గా ఆరకుండానే తెచ్చి పెట్టిన చుట్ట మీద మర్నాడు అన్నం గిన్నె పెడితే బల్ల పాలిష్ తెల్లగా మచ్చ తేలింది. తడి మసిగుడ్డతో గిన్నె దించకూడదని మా అత్తగారు చెబుతూనే ఉండేవారు. గాలికన్నా నీరు ఇరవై రెట్లకి పైగా వేడిని లాగుతుందని మావారు ఇప్పుడు చెబుతున్నారు. అత్తగారు చెప్పిందే నాలుగు మాటల్లో తేలింది.

అప్పటినుంచీ ఇంట్లో ఒక చట్టం వచ్చింది. చుట్టల మీద వేడి గిన్నె పెట్టకూడదు. పులుసులు అసలే కూడదు. తడి తగలకూడదు. అవి గోడకి మేకులు కొట్టి వేలాడదీసి ఉంటాయి, వచ్చినవాళ్లు చూడటానికి. గిన్నెల కిందకి ఎప్పటిలాగే నిన్నటి పేపరు నాలుగు మడతలు వేసి పెడుతున్నాను. అది ఉతకక్కర్లేదు, ఆరక్కర్లేదు. మరకపడితే రేపటిది ఉంది.

నా చీరలు అయిపోయాయి. మా వీధికి పాతబట్టలకి స్టీలుసామాను ఇచ్చే ఆవిడ వస్తుంది. నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ ఇస్తే ఒక గిన్నె, దాని కోసం గంట బేరం, ఇదీ మాకూ ఆవిడకీ ఉన్న పాత ఒప్పందం. మొన్న ఆవిడ కేక వినపడగానే మావారు నాకన్నా ముందు గేటు దగ్గరున్నారు. ఆవిడ మూట విప్పించి, అందులోంచి నూలు చీరలు ఏరి పక్కన పెట్టించారు. డబ్బులిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. సామానుకి సామానే అంది. లోపలికొచ్చి వంటింట్లోంచి నా మూతగిన్నె పట్టుకెళ్లి ఇచ్చేశారు. గిన్నె కింద పెట్టే చుట్ట కోసం గిన్నె ఇచ్చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? ఆవిడ గిన్నెని గోటితో మోగించి చూసి, "సారు బేరం తెలిసినోరమ్మా" అని నాతో అని వెళ్లిపోయింది.

ఇంతకీ మీకు నా మనవి. మా ఇంటికి వస్తే గోడకున్న చుట్టలు బాగున్నాయని అనకండి. అన్నవాళ్లకి అరడజను కట్టకట్టి చేతిలో పెడతారు. గృహప్రవేశానికి పిలిచినా అదే, షష్టిపూర్తికి పిలిచినా అదే. ఇప్పటికే తీసుకున్నవాళ్లు దయచేసి వాటిమీద గిన్నెలు పెట్టండి, పులుసు పొయ్యండి, పాడుచెయ్యండి. మీరు దాచుకుంటే ఆయన వచ్చినప్పుడు చూసి మురిసిపోయి ఇంకో అరడజను ఇస్తారు. మీ దగ్గర పాత చీరలుంటే ఇస్తామని మాత్రం ఫోన్ చెయ్యకండి. మరీ ఇవ్వాలనిపిస్తే ముందు మీ ఇంట్లోనే పోగు కాల్చి చూసుకోండి. అది పూసైతే ఎవరు పెట్టిన చీరో మాకు చెప్పకండి.