టు లెట్ (షరతులు వర్తించును)

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో ఒక తెల్లవాడు, మా దేశంలోంచి పొండని అరిచి, మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. ఇరాన్‌వాడనుకున్నాడట! ఇక్కడ మన గుండెలు మండిపోయాయి, కొవ్వొత్తులూ వెలిగాయి. నెల తిరిగిందో లేదో, గ్రేటర్ నోయిడా మాల్‌లో నైజీరియా విద్యార్థులను చేతికందినదాంతో చితకబాదారు. నరమాంసం తింటారని పుకారు మరి. మిగిలిన కొవ్వొత్తులు ఏ అటక మీదున్నాయో!

హైదరాబాదులో టు లెట్ బోర్డు చూసి సూడాన్ కుర్రాడు ఫోన్ చేస్తాడు. ఆ ఇంగ్లీషు విని ఓనర్ అంకుల్ ‘కమ్, కమ్’ అంటాడు. తీరా గేటు దగ్గర మనిషిని చూశాక, ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సిచ్చారు బాబూ’. బోర్డు మాత్రం దిగదు. మణిపూర్ అమ్మాయికైతే ఇల్లిస్తాడు. పాపం మంచివాడే. ‘చైనాలో మీదే ఊరమ్మా?’ అని కుశలం కూడా అడుగుతాడు.

రాత్రికి డల్లాస్ నుంచి కొడుకు వీడియో కాల్. ‘ఇక్కడ మనల్ని చూసే చూపే వేరు నాన్నా!’

‘ఛీ, రంగు చూసి మనిషిని లెక్కగట్టడమేంట్రా! ఏం చదువుకున్నారో ఏమో. సరేగానీ, ఆ గుంటూరు సంబంధం వాళ్లు ఫొటో పంపారు. చదువూ, ఉద్యోగం అన్నీ బ్రహ్మాండం. పిల్లే కాస్త చామనఛాయ...’