రికార్డు కొట్టాలా? పనికిరానిదే ఎంచుకోండి

గిన్నిస్ పుస్తకంలో పేరు చూసుకోవాలని ఉందా? అయితే మీరు తలపెట్టిన పని ఎవరికైనా ఉపయోగపడుతుందేమో ముందు చూసుకోండి. రవ్వంత ఉపయోగం కనిపించినా వదిలేయండి. 2016లో తాపేశ్వరంలో 29,465 కిలోల లడ్డూ చేసి రికార్డు సాధించారు. గొప్ప సంగతే, కాదనను. కానీ లడ్డూ అంటే నలుగురూ తినేది, చేసిన కొట్టుకు పేరు తెచ్చేది. మనకది వద్దు. చదివేది ఉద్యోగం కోసం, ఉద్యోగం జీతం కోసం, చివరికి పొద్దున్నే నడిచేది కూడా షుగర్ తగ్గడం కోసం. బతుకులో ఒక్క పనైనా దేనికోసమూ కాకుండా ఉండాలి.

పుణే వాసి శ్రీధర్ చిల్లాల్‌ను ఆదర్శంగా పెట్టుకోండి. చిన్నప్పుడు బళ్లో ఆయన వల్ల పంతులుగారి పొడవాటి గోరు విరిగింది. తిట్లు పడ్డాయి. ఆ పంతంతో 1952లో ఎడమచేతి గోళ్లు తీయడం మానేశారు. 66 ఏళ్లు! ఐదు గోళ్లూ కలిపి 909.6 సెంటీమీటర్లు, అందులో బొటనవేలి గోరొక్కటే 197.8. ఆ చేతితోనే పెళ్లి, పిల్లలు, ఫొటోగ్రాఫర్ ఉద్యోగం అన్నీ నెట్టుకొచ్చారు. 2018లో న్యూయార్క్‌లో గోళ్లు కోయించుకునే నాటికి ఆ చేతి వేళ్లు ముడుచుకోవు, చాచుకోవు. అందుకే గోళ్ల దారి పట్టేవాళ్లు అన్నం తినే చేతిని ముట్టుకోకండి. రెండోది ఎటూ పోతుంది, పోనివ్వండి.

ఇంట్లోవాళ్లు “ఎందుకురా ఇది?” అని తప్పకుండా అడుగుతారు. కారణం మాత్రం చెప్పకండి. చెప్పారంటే వాదన మొదలవుతుంది, వాదనలో మీరే ఓడిపోతారు.

గోళ్లు పెంచేంత ఓపిక లేనివాళ్లకు న్యూయార్క్ వాసి అశ్రిత ఫర్మన్ దారి ఉంది. 1979లో 27,000 జంపింగ్ జాక్‌లు చేసి మొదలుపెట్టాడు. తల మీద పాలసీసా పెట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచాడు. మొత్తం 600కు పైగా రికార్డులు సాధించాడు. ఆయన ఆధ్యాత్మిక గురువు శ్రీ చిన్మయ్ శిష్యుడు, ఇదంతా సాధనగానే చేశాడు. పనికిరాని పనిని అంత నిష్ఠగా చేసినందుకే నాకు ఆయనంటే గౌరవం.

నిద్ర మానుకునే రికార్డు జోలికి మాత్రం వెళ్లకండి, గిన్నిస్‌వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో మానేశారు. డబ్బూ ఆశించకండి, రికార్డు కొట్టినందుకు వాళ్లు పైసా ఇవ్వరు. చేసేది కొలవడానికి వీలవ్వాలి, రుజువుండాలి, రేపు ఇంకొకరు బద్దలు కొట్టగలగాలి. ఉపయోగపడాలన్న షరతు ఎక్కడా లేదు. దరఖాస్తు ఇవాళే పెట్టండి.