బంగార్రాజు గారి రీసర్వే

సర్వే, సెటిల్‌మెంట్లు, భూమి రికార్డుల శాఖ కమిషనర్ గారి సముఖమునకు, తెనాలి నుంచి ఒక గృహస్థు రాసుకున్న బహిరంగ లేఖ.

విషయం: మా ఇంట్లో ఎవరి అనుమతీ లేకుండా సాగుతున్న హద్దుల నిర్ణయం గురించి.
చూడుము: 1923 నాటి సర్వే, హద్దుల చట్టం.

అయ్యా,

మా ఇంట్లో బంగార్రాజు అనే గండుపిల్లి ఉంది. ఏడాది నిండిందో లేదో, ఆయన రీసర్వే మొదలుపెట్టాడు. 2020 డిసెంబరులో తమరు రీసర్వే మొదలుపెట్టినప్పుడు డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి, ఊరూరా రాళ్లు పాతారు. బంగార్రాజుకు ఇవేవీ అక్కర్లేదు. గోడకు వెన్ను చూపి నిలబడతాడు. తోక నిటారుగా లేస్తుంది, దాని కొస సన్నగా వణుకుతుంది, వెనక కాళ్లు రెండడుగులు తొక్కుతాయి, ఒక్క చిమ్ము. హద్దు పడిపోయింది. నోటీసు లేదు, గ్రామసభ లేదు, అభ్యంతరాలకు గడువు లేదు.

ఇంతవరకు సోఫా, బీరువా తలుపు, మా అమ్మ పెళ్లినాటి ట్రంకుపెట్టె, కొత్త ఫ్రిజ్ ఎడమ పక్క ఆయన అడంగల్‌లోకి ఎక్కాయి. హద్దురాయి మీద ఎవరి పేరుండాలి, పాసు పుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలి అని రాష్ట్రమంతా వాదులాడుకుని చివరికి రాజముద్ర దగ్గర ఆగాం. బంగార్రాజు ముద్ర మీద వివాదమే లేదు. గేటు తీసిన చుట్టానికి కూడా అది ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆ ముద్రలోని సిరా గురించి విచారించాను. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్ కాని మగపిల్లిలో మరీ ఎక్కువ. అది గాలి తగిలి విడిపోయేకొద్దీ గంధకపు వాసన లేస్తుంది. అందుకే పొద్దున తుడిచింది సాయంత్రానికి మళ్లీ పలకరిస్తుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసే పునుగు తైలం కూడా పిల్లిదేగా అని మా అమ్మ కొన్నాళ్లు సర్దిచెప్పుకుంది. పునుగు పిల్లి కుటుంబమే వేరని, అది అసలు పిల్లుల లెక్కలోకి రాదని మనవడు చెప్పాక ఆ ఊరటా పోయింది.

జిల్లా అధికారులను వదిలి తమకే ఎందుకు రాస్తున్నానంటే, 2022 ఏప్రిల్ 4న మా తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది, బాపట్ల తానే జిల్లా అయింది, రేపల్లె దానితో వెళ్లింది. మా ఇంటి ఆడపడుచులు ఆ రెండు ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్ల ఇళ్లలోనూ పిల్లులున్నాయి. కేసులు రెండు జిల్లాల్లో పడ్డాయి. సోమవారం అర్జీ ఏ కలెక్టరేట్‌లో పెట్టాలో తేలలేదు.

బాపట్ల కేసు చిత్రమైనది. మా చెల్లెలి పిల్లికి ఆపరేషన్ అయిపోయింది. అయినా ఒక్క కిటికీ కింద గోడనే తడుపుతుంది. నిఘా వేస్తే సంగతి తెలిసింది. సూర్యలంక చేపలు తెచ్చే ఆవిడ ఆ గుమ్మం ముందే గంప దించుతుంది, పేటలోని పిల్లులన్నీ ప్రహరీ ఎక్కుతాయి, వాటిలో ఒక గండుపిల్లి కిటికీలోంచి లోపలికి చూస్తూ కూర్చుంటుంది. అంటే ఇది పక్క సర్వే నంబరు వాడితో గట్టు తగాదా. కిటికీ కింది సగానికి కాగితం అంటించారు, గంప నాలుగిళ్ల అవతల దించమన్నారు. తగాదా చల్లబడింది. కొత్త పిల్లి, కొత్త సోఫా, ఇల్లు మారడం, పసిబిడ్డ రావడం, ఇలా పిల్లికి తన ఇల్లు తనది కానట్టు తోచే ఏ మార్పైనా చాలు, గట్టు కదిలినట్టే లెక్క.

రేపల్లె కేసును మాత్రం నేను తమ శాఖకు పంపడం లేదు. మా అక్కవాళ్ల పిల్లి గోడ దగ్గర నిలబడలేదు. నేల మీద కూర్చుని, మూలుగుతూ, చుక్క చుక్కగా పోసింది. నిలబడి గోడ మీద చిమ్మితే అది హద్దు. కూర్చుని, ముక్కుతూ, మూత్రం రాక అవస్థ పడితే అది జబ్బు. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలాంటప్పుడు తిట్టుకుంటూ గుడ్డ వెతకడం కాదు, ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక పరిష్కారాల సంగతి. కొట్టి దారికి తెమ్మని సలహా ఇచ్చేవాళ్లకు మా ఊళ్లో కొదవ లేదు. వేడిపాలు పోసి పిల్లికి బుద్ధి చెప్పిన తెనాలి రామలింగడి ఊరు కదా! కానీ ఆ కథలో పిల్లి నేర్చుకున్నదేమిటి? పాలగిన్నె కనబడితే పారిపోవడం. అంతకు మించి ఒక్క ముక్క నేర్చుకోలేదు. దెబ్బ తిన్న పిల్లి సోఫాకు భయపడదు, కొట్టినవాడికి భయపడుతుంది. భయపడ్డ పిల్లి మరో రెండు చోట్ల హద్దు వేస్తుంది.

రెండో సలహా ఫినాయిలు, కలరా ఉండలు. ఫినాయిలులోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషమే. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ కూడా అంతే. అమోనియా కలిసిన ద్రావణంతో తుడిస్తే అది మూత్రం వాసనకు దగ్గర కాబట్టి, పాత హద్దును మనమే కొత్త చేసినట్టవుతుంది. ఎంజైములున్న బట్టల పౌడరు గోరువెచ్చని నీళ్లలో కలిపి కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక సర్జికల్ స్పిరిట్ రాయాలి. బట్ట రంగు పోతుందేమో ముందు ఒక మూల చూసుకోవాలి.

అసలు మందు ఆపరేషన్. నాలుగైదు నెలల వయసులోనే, అలవాటు పడకముందే చేయించడం మేలు. ముదిరాక చేయించినా మగపిల్లుల్లో అత్యధికం మానేస్తాయి. వందకు పది మాత్రం మానవు, ఆడవాటిలో అయిదు. వాటికి బాపట్లలో చేసినట్టు కారణం వెతకాలి. ఇసుక తొట్లు పిల్లులు ఎన్నో అంతకు ఒకటి ఎక్కువ పెట్టాలి, రోజూ శుభ్రం చేయాలి.

కాబట్టి తమకు నా ప్రార్థన:

1. బంగార్రాజు సర్వేను రద్దు చేసి, మా సోఫాను, ట్రంకుపెట్టెను తక్షణం 22ఎ నిషేధిత జాబితాలో చేర్చవలెను.

2. ఆయన అనుభవంలో ఉన్న కిటికీ గట్టు, అటక, మధ్యాహ్నం ఎండ పడే గడప ఆయన పేరునే మ్యుటేషన్ చేయవలెను. తన చోటు తనకుందని నమ్మిన పిల్లికి ఊరంతా కొలిచే పని ఉండదు.

3. ఆపరేషన్‌కు తీసుకెళ్లే రోజున ఆయన దాఖలు చేయబోయే అభ్యంతరాలను విచారణ లేకుండా కొట్టివేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సొంత ఇంట్లో కౌలుదారు.

ప్రతి: పశుసంవర్ధక శాఖ వారికి. ఇది సమాచారం నిమిత్తం కాదు, కార్యార్థం. తెనాలి, బాపట్ల, రేపల్లె పశువుల ఆసుపత్రుల్లో నెలకొక రోజు పిల్లుల ఆపరేషన్లకే కేటాయించి, ఆ తేదీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించవలసిందిగా మనవి. ఆ గోడకు మాత్రం తుడవడానికి వీలయ్యే రంగు వేయించండి.