ఏలినవారి రోడ్డు ప్రేమ

ప్రభుత్వాలకు రోడ్డంటే ప్రాణం. మామూలు రోజుల్లో ఆ సంగతి బయటపడదు. గుంతలో పడి లారీ యాక్సిల్ విరిగినా, మంత్రిగారి కాన్వాయ్ దాటేదాకా జనం ఎండలో మాడినా, పార్టీ సభకు ఆర్టీసీ బస్సులన్నీ తరలిపోయి ప్రయాణికులు బస్టాండులో పడిగాపులు కాసినా ఆ ప్రేమ గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉంటుంది. ఎవరో వచ్చి రోడ్డు మీద టెంటు వేసి, పట్టా పరిచి, మైకు పెట్టారా, చటుక్కున లేచి కూర్చుంటుంది. లేవడం లేవడమే అంబులెన్సు గుర్తొస్తుంది. పరీక్షకు వెళ్లే విద్యార్థి, కూరగాయల లారీ, చిరువ్యాపారి, నిండు గర్భిణి వరసగా కళ్లముందు కదులుతారు. "ప్రజలకు తీవ్ర అసౌకర్యం కలుగుతోంది" అని ప్రకటన వెలువడుతుంది. ఆ ప్రకటన వచ్చిందంటే జేసీబీలో డీజిల్ పోశారని అర్థం.

ధర్నా శిబిరాన్ని ఎత్తేయించడం ఇప్పుడు మన దేశంలో ఒక శాస్త్రం. పాఠ్యపుస్తకం ఇంకా అచ్చు కాలేదు గానీ, ప్రాక్టికల్స్ మాత్రం ఢిల్లీలోనూ, ఢిల్లీకి వెళ్లే దారుల్లోనూ బహిరంగంగానే జరిగాయి. ఔత్సాహికుల కోసం అందులోని ముఖ్య సూత్రాలు మనవి చేస్తాను.

మొదటి సూత్రం: నిరసనకారులు రోడ్డు మూసేయకుండా ఉండాలంటే ముందు మనమే మూసేయాలి. 2020 నవంబరులో మూడు వ్యవసాయ చట్టాలు వద్దంటూ పంజాబ్ రైతులు ట్రాక్టర్లెక్కి రాజధానికి బయల్దేరారు. దారిలో వారికి హర్యానా ప్రభుత్వం బండరాళ్లు, ఇసుక లారీలు, చలిలో నీటి ఫిరంగులు సిద్ధం చేసి ఉంచింది. అవీ చాలవన్నట్టు జాతీయ రహదారికి అడ్డంగా కందకాలు తవ్వించింది. కోట చుట్టూ కందకం తవ్వించిన రాజుల గురించి చదువుకున్నాం. జనం పన్నులతో వేసి, మళ్లీ జనం దగ్గరే టోలు వసూలు చేసే రహదారిని తవ్వించిన ఘనత మాత్రం మన కాలానిదే. అంతా ట్రాఫిక్ సాఫీగా సాగడం కోసమే సుమా!

రెండో సూత్రం: కరెంటు, నీళ్లు ఆపాలి. దీన్ని కొంచెం జాగ్రత్తగా వాడాలి. 2021 జనవరి 26 ట్రాక్టర్ల ర్యాలీలో కొందరు ఎర్రకోట దాకా వెళ్లి గొడవ జరిగాక, 28 సాయంత్రం ఢిల్లీ సరిహద్దులో రైతులు తిష్టవేసిన ఘాజీపూర్ శిబిరంలో కరెంటు పోయింది. పోలీసు బలగాలు మోహరించాయి. తెల్లారేసరికి ఖాళీ అన్నారు. ఆ రాత్రి రైతు నాయకుడు రాకేశ్ టికాయత్ కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. తెల్లారింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి జనం తమ ఊళ్ల నీళ్లు పట్టుకుని మరీ ఘాజీపూర్ చేరారు. శిబిరం రెండింతలు కాకపోతే ఒట్టు.

దాంతో మూడో సూత్రం పుట్టింది: సేద్యం వాళ్ల సొత్తా, మనమూ నాటుదాం. ఫిబ్రవరి మొదటి వారానికల్లా ఢిల్లీ సరిహద్దుల్లో సిమెంటు గోడలు, ముళ్లకంచెలు మొలిచాయి. వాటి ముందు తారులో ఇనుప మేకులు వరసగా నాటారు. ఘాజీపూర్‌లో ఆ మేకులు పీకుతున్న వీడియోలు బయటికి రాగానే పోలీసులు వివరణ ఇచ్చారు: తీసేయడం లేదు, వాటి చోటు మారుస్తున్నాం. అదీ క్రమశిక్షణంటే. ఎక్కడ పడితే అక్కడ మేకులుంటే టైర్లు పాడవుతాయి కదా, పద్ధతిగా నాటాలి.

ఆ ఏడాదంతా అధికార వర్గాలు పాడిన పాట ఒక్కటే, రైతులు రోడ్డు మూసేశారని. అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా రహదారుల్ని ఎంతకాలమని మూస్తారని రైతులను అడిగింది. మూసింది మేం కాదు, పోలీసులని రైతులు జవాబిచ్చారు. వారం తిరక్కుండానే టిక్రీ సరిహద్దులో, ఘాజీపూర్‌లో పోలీసులు తమ దిమ్మెలు, కంచెలు, మేకులు తామే తీసుకోవడం మొదలుపెట్టారు. రైతులు మూసిన రోడ్డు మీద ఇంత సర్కారు సామాను ఎలా చేరిందో ఎవరూ చెప్పలేదు.

తాము మూసి ఎదుటివారి మీద వేయడం అంతకుముందు ఢిల్లీ షహీన్‌బాగ్‌లో ఆరితేరిన విద్యే. 2019 డిసెంబరు నుంచి అక్కడి మహిళలు పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా రోడ్డు మీద కూర్చున్నారు. కరోనా లాక్‌డౌన్ మొదలవుతుండగా, 2020 మార్చి 24న వారి శిబిరాన్ని పోలీసులు తొలగించారు. అంతకుముందే, నిరసన శాంతియుతంగానే సాగుతోందనీ, చుట్టుపక్కల అయిదు చోట్ల దారులు మూసింది పోలీసులేననీ మాజీ ప్రధాన సమాచార కమిషనర్ వజాహత్ హబీబుల్లా సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చారు. ట్రాఫిక్ నష్టమంతా మాత్రం ఆడవాళ్ల పద్దులోనే జమ అయింది.

నాలుగో సూత్రం ముహూర్తానికి సంబంధించింది. 2011 జూన్ 4 అర్ధరాత్రి దాటాక ఢిల్లీ రాంలీలా మైదానంలో బాబా రాందేవ్ శిబిరం మీద పోలీసులు పడ్డారు. అప్పుడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఈ శాస్త్రానికి పార్టీ భేదం లేదని అప్పుడే తేలింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు పోలీసులను తప్పుపడుతూ, మనిషికి నిద్ర కూడా ప్రాథమిక హక్కేనంది. ఏలినవారు దాన్ని శిరసావహించారు. 2025లో పంజాబ్-హర్యానా సరిహద్దులోని శంభూ, ఖనౌరీ రైతు శిబిరాలను సాయంత్రమే, ఇంకా ఎవరూ నిద్రపోకముందే ఎత్తేయించారు.

ఆ శంభూ కథలో సూత్రాలన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. పంటలకు కనీస మద్దతు ధరకు చట్టబద్ధత కావాలంటూ 2024 ఫిబ్రవరి 13న రైతులు మళ్లీ ఢిల్లీకి కదిలారు. హర్యానా ప్రభుత్వం సరిహద్దును సిమెంటుతో మూసేసి, డ్రోన్లతో బాష్పవాయువు గుండ్లు వదిలింది. రైతులు గాలిపటాలు ఎగరేసి డ్రోన్లను ఎదుర్కొన్నారు. ఖనౌరీ దగ్గర 21 ఏళ్ల యువరైతు చనిపోయాడు. దాని మీద హైకోర్టు న్యాయ విచారణకు ఆదేశించింది. వారంలోగా శంభూ దగ్గర అడ్డంకులు తీయమని అదే హైకోర్టు జులై 10న చెప్పింది. ఒక రాష్ట్రం రహదారిని ఎలా మూస్తుందని సుప్రీంకోర్టూ అడిగింది. గోడలు కదల్లేదు. పైగా రైతులను ఆపిన ఆరుగురు అధికారులకు శౌర్య పతకాలివ్వాలని హర్యానా సిఫారసు చేసింది. సరిహద్దు అంటే ఏ దేశపు సరిహద్దో అడగడం మర్యాద కాదు.

చివరికి 2025 మార్చి 19న చండీగఢ్‌లో కేంద్ర మంత్రులు రైతు నాయకులతో చర్చలు జరిపారు. మళ్లీ మే 4న కలుద్దామనుకున్నారు. నాయకులు డల్లేవాల్, పంధేర్ చర్చలు ముగించుకుని బయటికి రాగానే పంజాబ్ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అదే సాయంత్రం శిబిరాల మీదికి జేసీబీలు వెళ్లాయి. వ్యాపారాలు, పరిశ్రమలు నష్టపోతున్నాయని పంజాబ్ ప్రభుత్వం చెప్పింది. ఇది అయిదో సూత్రం, అన్నింటిలోకీ సుకుమారమైనది: ఒక చేత్తో టీ అందించాలి, ఇంకో చేత్తో వ్యాను తలుపు తీయాలి. మర్నాడు హర్యానా తాను కట్టిన సిమెంటు గోడల్ని తానే జేసీబీలతో పెకలించుకుంది. పదమూడు నెలలు ఆ దారి మూసిన నేరం మాత్రం టెంట్లదే.

ఆ పంజాబ్ ప్రభుత్వం ఎవరిది? ముఖ్యమంత్రి హోదాలోనే 2014 జనవరి చలిలో రైల్ భవన్ దగ్గర రోడ్డు మీద పడుకున్న కేజ్రీవాల్ పార్టీది. 2020లో రైతులను పెట్టడానికి స్టేడియాలను తాత్కాలిక జైళ్లుగా ఇవ్వమని పోలీసులు అడిగితే ఢిల్లీలో కాదన్న పార్టీది. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య.

ఈ మల్లయ్య మనకు కొత్తవాడేం కాదు. ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌తో, సాగరహారంతో సాధించుకున్న తెలంగాణలో, 2017లో కేసీఆర్ ఏలుబడిలో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌కే తాళం పడింది. స్థానికులకు ఇబ్బందిగా ఉందన్నారు, ఊరి బయటికి పొమ్మన్నారు. ఆ మే నెలలో ధర్నాచౌక్ వద్దంటూ ప్లకార్డులు పట్టుకున్న "స్థానికుల్లో" సివిల్ దుస్తుల పోలీసులూ ఉన్నారని పత్రికలు ఫొటోలతో సహా బయటపెట్టాయి. 2018లో హైకోర్టు చెప్పాక గానీ అక్కడ మళ్లీ మైకు మోగలేదు. 2021 నవంబరు 18న అదే చౌక్‌లో వరి కొనుగోళ్ల మీద కేంద్రానికి వ్యతిరేకంగా మహాధర్నాకు కూర్చున్నది స్వయానా ముఖ్యమంత్రి కేసీఆర్. ఆ రోజు ఇందిరాపార్కు స్థానికులకు ఏ ఇబ్బందీ కలగలేదు.

నిరసన వల్ల జనానికి ఇబ్బంది లేదని నేననడం లేదు. చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్లేవాడి విసుగు నిజం, మూతపడిన దుకాణం అద్దె బాకీ నిజం. రోడ్ల మీద నిరవధికంగా కూర్చోవడం కుదరదనీ, నిరసనకు నిర్దేశించిన చోట్లుండాలనీ 2020 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది. సరే. నిర్దేశించిన చోటుకీ తాళం వేసి, రాజధానికి వెళ్లే దారికీ గోడ కట్టి, మైదానంలో అర్ధరాత్రి లాఠీలు దింపాక, మనిషి ఎక్కడ కూర్చుని అడగాలో కూడా ఒక జీవో ఇస్తే బాగుంటుంది.

నిజానికి శిబిరం ఖాళీ చేయించడానికి ఇంకో పద్ధతి ఉంది. కేసీఆర్ ధర్నా చేసిన మర్నాడే, 2021 నవంబరు 19న, మూడు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రధాని ప్రకటించారు. అదే నెల 29న పార్లమెంటు వాటిని రద్దు చేసింది. మిగతా డిమాండ్ల మీద లిఖితపూర్వక హామీ వచ్చాక డిసెంబరు 11న రైతులు టెంట్లు విప్పి, వంటపాత్రలు ట్రాక్టర్లకెత్తుకుని ఇళ్లకు బయల్దేరారు. లాఠీ లేవలేదు, బాష్పవాయువు వదలలేదు. ఏడాదికి పైగా కందకాలూ మేకులూ చేయలేని పని ఒక జవాబు చేసింది.

అడిగినదానికి జవాబు చెప్పాల్సింది మంత్రి. ఆయన పనికి పోలీసును పంపిస్తే వాడు లాఠీతోనే జవాబు చెబుతాడు, వాడికిచ్చింది అదే గనక. ఈసారి ఎవరైనా మీ దగ్గరికొచ్చి "వాళ్లు రోడ్డు మూసేశారండీ" అని వాపోతే, తొందరపడి తలూపకండి. అక్కడి సిమెంటు ఎవరు పోశారో ఒక్కసారి అడగండి.