ఉత్తకాళ్ళ బావగారు

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక లిఫ్టూ ఒక వాచ్‌మనూ ఉన్నట్టే, ఈమధ్య ఒక ఉత్తకాళ్ళ పరుగువీరుడు కూడా ఉంటున్నాడు. మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంటులో ఆ ఖాళీని మా బావగారు భర్తీ చేశారు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. తెల్లారకట్ల నెక్లెస్ రోడ్డు మీద అందరూ ముందుకు చూస్తూ పరిగెడతారు. ఈయన మాత్రం అందరి కాళ్ళూ చూస్తూ పరిగెడతారు. బూట్లు కనబడ్డాయా, పరామర్శకొచ్చినవాడిలా మొహం పెట్టి పక్కన చేరతారు. "ఏవోయ్, దేవుడు ఒక్కో కాలికీ ఇరవై ఆరు ఎముకలిచ్చి పంపించాడు. నువ్వేమో వాటిని పరుపేసి పడుకోబెట్టావు!"

రెండేళ్ళ కిందట ఇదే నోరు బూట్ల స్తోత్రం చదివేది. మారథాన్ వీరుడు కిప్చోగే 2019లో వియన్నాలో 1:59:40కి మారథాన్ దూరం పూర్తిచేశాడంటే, "అంతా ఆ బూట్లలోని కార్బన్ పలక మహిమ!" అంటూ అప్పుచేసి అలాంటి జతే కొన్నారు. ఒక శనివారం గుడి ముందు విడిచిన ఆ జత ప్రదక్షిణలు పూర్తయ్యేసరికి మాయమైంది. బావగారు నడిచి ఇంటికొచ్చారు. దొంగ బూట్లు పట్టుకుపోయి, వేదాంతం వదిలివెళ్ళాడు.

అప్పట్నుంచీ హాల్లో కిప్చోగే బొమ్మ దిగి అబెబె బికిలా బొమ్మ ఎక్కింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ ఇథియోపియా సైనికుడు రాళ్ళు పరిచిన పాత రోడ్ల మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తి, 2:15:16కి స్వర్ణం కొట్టిన కథ బావగారు కళ్ళనీళ్ళతో చెబుతారు. కథ అక్కడే ఆపేస్తారు. "బావగారూ, 1964లో టోక్యోలో ఆయనే బూట్లేసుకుని ఇంకో మూడు నిమిషాలు ముందే వచ్చాడు కదా?" అన్నాను. "మొహమాటస్తుడోయ్, ఎవరో ఇచ్చుంటారు" అన్నారు.

తర్వాతి అస్త్రం హార్వర్డ్. ఉత్తకాళ్ళ పరుగు అలవాటున్నవాళ్ళు మడమ కాకుండా పాదం ముందుభాగం ఆనిస్తారనీ, అందుకని నేల దెబ్బ తక్కువ తగులుతుందనీ అక్కడి లీబర్‌మన్ బృందం 2010లో రాసింది నిజమే. అందులో 'అలవాటున్న' అనే మాట దగ్గర బావగారికి కళ్ళజోడు మసకబారింది. అలా పరిగెడితే మడమ మీద తగ్గిన బరువు పిక్క మీదికీ, దాని కింది స్నాయువు మీదికీ ఎక్కుతుంది. కొత్తవాళ్ళు రోజుకి కొంచెం కొంచెంగా, నెలల తరబడి పెంచుకోవాలి. ఈయన మొదటిరోజే పది కిలోమీటర్లు పరిగెత్తి, మర్నాడు బాత్‌రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్ళారు.

"ఇంకా విను, తమ్ముడూ" అంది అక్క, పిన్నీసుతో ఆయన అరికాల్లో గాజుపెంకు వెతుకుతూ. "రోడ్డు మీద ఉత్తకాళ్ళా, ఇంట్లో మార్బుల్ చల్లగా గుచ్చుకుంటుందట! వంటింట్లోకి రావాలన్నా మెత్తటి ఎమ్‌సీఆర్ రబ్బరు చెప్పులు కావాలి."

బావగారు వినిపించుకోలేదు. "మా తాత ఏనాడూ చెప్పులేసుకోలేదు. సంతకి ఆరు కోసులు నడిచాడు!" అన్నారు.

"ఏసుకోక కాదు. అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచి, ఊరి పొలిమేరలో తొడుక్కునేవాడు. మీ అమ్మే చెప్పింది" అంది అక్క.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ వచ్చింది. బావగారు హాఫ్‌కి పేరిచ్చారు. మొదలయ్యేచోట పాదాలకి విడిగా నాలుగు ఫొటోలు తీయించుకున్నారు. మొదటి ఫ్లైఓవర్ దిగేసరికి అక్క కూరగాయల సంచితో నిలబడి ఉంది. అందులోంచి కొత్త బూట్లు తీసింది. ఆయన అటూ ఇటూ చూసి, మాట్లాడకుండా తొడుక్కున్నారు.

గచ్చిబౌలి స్టేడియం గేటు దగ్గర నేను కెమెరాతో కాచుకుని ఉన్నాను. బావగారు కుంటుకుంటూ వచ్చి, చెట్టుచాటున ఆగి, లేసులు విప్పి, జత నా చేతిలో పెట్టారు.

తాత పొలిమేరలో తొడుక్కున్నాడు. మనవడు పొలిమేరలో విప్పాడు. ఊళ్ళోవాళ్ళ కోసమే, ఇద్దరూ!