టాటా చతుష్టయానికి టీక

మూలం:

టాటా టాటా = టాటా().టాటా;

అవతారిక: జంషెడ్‌పూర్, జుగ్సలాయిలో ఒకానొక లారీ ఆఫీసు. బిల్లుల ప్రోగ్రాం రాస్తూ రాస్తూ, పేర్లు వెతికే ఓపిక నశించిన కవి నోట వెలువడిన పాదమిది. ఎనిమిదికి ఎనిమిదీ గురువులే, అనగా మ, మ, గ, గ. విద్యున్మాల! కరెంటు మీద బతికే కావ్యానికి ఇంతకన్న తగిన వృత్తం లేదు.

ప్రతిపదార్థం: మొదటి టాటా = లారీ అనే తరగతి. 1945లో పుట్టి, తరవాత టాటా మోటార్స్ అయిన టెల్కో ఈ ఊరిదే కనుక బండికి ఆ పేరు సహజం. రెండవ టాటా = ఇప్పుడు సాగనంపవలసిన బండి అనే వేరియబుల్; చేయి ఊపుతూ చెప్పే టాటా అని శిశువ్యాఖ్య. బ్రాకెట్లు ధరించినది = స్టేషను వివరాలు తెచ్చే ఫంక్షన్. కాళీమాటి స్టేషన్ని టాటానగర్ చేశారు. స్టేషను కోడ్‌కు వచ్చేసరికి రైల్వేవారు ఆ నగరాన్నీ కోసేశారు. చుక్క తరవాతిది = 1907 నాటి ఉక్కు కంపెనీ సరుకుకు కేటాయించిన బండి.

మరి ఊరేదీ? అది వాచ్యం కాదు, ధ్వని. ఈ ఫైలున్న ప్యాకేజీ పేరూ టాటాయే. కదమాలోని మన తెలుగిళ్ళలో “అబ్బాయి టాటాలో ఉన్నాడు” అంటే ఊళ్ళోనా ఉద్యోగంలోనా అని ఎవరూ అడగరు. 1919లో సాక్చిని జంషెడ్‌పూర్ చేసిన చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ప్రకటన బస్సు కండక్టర్లకింకా అందినట్టు లేదు.

వ్యాకరణం: రెండోసారి పలికినది ఆమ్రేడితం. మూడు, నాలుగింటి సంగతి చిన్నయసూరి చెప్పలేదు. ఆయన లారీ ఆఫీసులో పనిచేయలేదు.

అలంకారం: అర్థాలు వేరు గనుక యమకమని కొందరు. అన్నీ ఒకే ఇంటిపేరు గనుక భేదం తాత్పర్యంలోనే, కాబట్టి లాటానుప్రాసమని కొందరు. చేయి ఊపే టాటా ఆ వంశానిది కాదే! టాటానుప్రాసమని మా మతం.

ఆక్షేపం: అరగంట తదేకంగా చూసిన కవికి ఇందులో లారీ లేదు, స్టేషను లేదు, రేకు మీద రెండు సుత్తి దెబ్బలు మాత్రం వినిపిస్తున్నాయి. కావ్యం నిరర్థకం కాదా? కాదు. ఇది కావ్యదోషం కాదు, నరదోషం. కంపెనీ పుట్టిన 1907లోనే అమెరికాలో ఎలిజబెత్ సెవరెన్స్, మార్గరెట్ వాష్‌బర్న్ అనే విదుషీమణులు ఒకే మాటను చూస్తూ కూర్చుంటే అర్థం జారిపోతుందని పత్రం రాశారు. 2023లో ఇదే జాతి పరిశోధనకు ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. పాల్గొన్నవాళ్ళు పాపం ఒకే మాటను రాసి రాసి, అది మాటేనా అని సందేహించి కలం దించారు. కంపైలర్‌కు ఆ బెంగ లేదు. జావా భాషలో తరగతులు, వేరియబుళ్ళు, ఫంక్షన్ల పేర్లకు దేని ఖాతా దానిదే. నిలబడ్డ చోటును బట్టి ఎవరెవరో పోల్చుకుంటుంది. తెలుగు లిపిలో రాసినా కాదనదు. అర్థం మొదలే తెలియని పాఠకుడికి పోగొట్టుకునేదేముంది?

తాత్పర్యం: లారీ బయల్దేరాలి.

పాఠాంతరం: మర్నాడు మరో పండితుడు “లారీ బండి = స్టేషను().కేటాయింపు;” అని సవరించాడు. అన్వయం కుదిరింది. గణాలు చెడ్డాయి.