హంతకుడు ముందే తెలుసు!

థ్రిల్లర్ చదివినవాణ్ణి ఎలా ఉందని అడిగితే ఒకటే జవాబు: ‘హంతకుడెవరో ముప్ఫయ్యో పేజీలోనే పట్టేశా!’ మరి తెల్లవారుజామున మూడింటిదాకా గదిలో లైటెందుకు వెలిగిందో ఇంట్లోవాళ్లకే తెలియాలి.

1926లో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్’ ముగింపుతో పాఠకుల్ని బోల్తా కొట్టిస్తే, అన్యాయమని గోల చేసినవాళ్లున్నారు. ఇప్పుడు బోల్తా కొట్టించకపోతే గోల. అందుకే అట్ట మీదే ‘ఊహించని మలుపు’ అని అచ్చేస్తున్నారు. ముందే చాటింపు వేశాక ఇంకేం ఊహించనిది!

థ్రిల్లర్ నవలల పేర్ల సంగతి సరేసరి. 2012లో ‘గాన్ గర్ల్’, 2015లో ‘ది గర్ల్ ఆన్ ది ట్రైన్’. మొదటి ‘గర్ల్’ తన ఐదో పెళ్లిరోజున మాయమవుతుంది. రెండో ‘గర్ల్’కి విడాకులు కూడా అయిపోయాయి.

అసలు మిస్టరీ వేరే ఉంది. స్టీగ్ లార్సన్ స్వీడిష్ నవల పేరుకి అర్థం ‘ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు’. ఇంగ్లిష్‌లోకొచ్చేసరికి అది ‘ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ’. పచ్చబొట్టు పిల్ల ప్రత్యక్షం, మగవాళ్లు గల్లంతు!

వాళ్లెటు పోయారో మాత్రం మన ముప్ఫయ్యో పేజీ డిటెక్టివ్ ఇంకా పట్టలేదు.